మట్టిబొమ్మ అయిన తోటమాలి

మరువపురం రాజు ప్రచండసేనుడు మంచుకొండల రాకుమారిని రెండో పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆమె వెంట ఆ కొండల పండ్ల మొక్కలు నూరు వచ్చాయి. వాటిని చైత్రం ఎండల్లో, కోట వెనుక నల్లరేగడిలో నాటమని రాజు ఆజ్ఞాపించాడు.

ఆ సీమలో తోట వేసే ముందు గుంటను అడగడం ఆచారం. మోకాటి లోతు గుంట తవ్వి, కడివెడు నీళ్లు పోసి, అవి ఇంకేదాకా పక్కనే కూర్చుంటారు. ఇంకిన తీరును బట్టి ఏ మొక్క పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో తేల్చుకుంటారు. తోటమాలి ఓబులయ్య ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ గుంటను అడగకుండా మొక్క నాటలేదు. ఆ రోజు రాజు ఎదురుగా నిలబడేసరికి గుంటను అడగాలని అనలేకపోయాడు. "చిత్తం ప్రభూ" అన్నాడు. పదిహేను రోజుల్లో వేళ్లు కుళ్లి మొక్కలన్నీ చచ్చాయి. రాజు మరో నూరు తెప్పించాడు. ఓబులయ్య మళ్లీ "చిత్తం" అన్నాడు.

చివరి మొక్క నాటుతుండగా నేల లోపలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "నా గుణం నీకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నావు. ఇక నాలాగే పడి ఉండు."

ఓబులయ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే, చేతులు చాచినవాడు చాచినట్టే మట్టిబొమ్మ అయ్యాడు. ఆనాటి నుంచి రాజ్యంలో ఒక్క విత్తూ మొలవలేదు.

ఓబులయ్యకు కూతురు తప్ప ఎవరూ లేరు. ఆమె పేరు నాంచారి, పదహారేళ్లది. ఆ నేల మీద పడి మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజున నేల పలికింది.

"ఎర్రదిబ్బ, నల్లబయలు, చవుటిపర్ర. మూడు చోట్లా నా కాపరులున్నారు. వాళ్లను మెప్పించి గుప్పెడేసి మన్ను తే. పూస్తే మీ నాయన లేస్తాడు, విత్తనాలూ మొలుస్తాయి."

"ఎన్నాళ్లలో తేవాల తల్లీ?"

"అతడు పచ్చి మట్టి. తొలకరికి కరిగిపోతాడు. పందిరి వేసినా నిలవడు."

ఊరంతా వాన కోసం దేవుళ్లకు మొక్కుతోంది. వాన రావద్దని మొక్కుకుంటూ నాంచారి ఒక్కతే అడవి దారి పట్టింది.

ఎర్రదిబ్బ మీద ఒక రాక్షసి రాగిబిందెతో సొరపాదుకు నీళ్లు పోస్తోంది.

"ఏమే బక్కదానా, నూరేండ్లుగా మోస్తా ఉండా. పాదు ఎండతానే ఉంది. బతికించినావా, సరే. లేకుంటే ఈ పూట కూర నువ్వే."

"నన్ను వండితే గరిటెడు కూడా కాదులే అత్తా" అని నాంచారి పిడికెడు మన్ను నలిపి చూసింది. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. "ఇది నీళ్లను పట్టుకోదు. బిందెలు కుమ్మరిస్తే అడుక్కి పోతాయి. ఎండిన కుంటలో ఒండ్రుమట్టి ఉంది, తెచ్చి పేడతో కలుపు. పైన రాలిన ఆకులు పరుచు. పొద్దున చెంబెడు, మాపటికి చెంబెడు చాలు."

మూడో నాటికి తీగ తల ఎత్తింది. రాక్షసి బిందె దించి, "నూరేండ్లు మోసినానే" అంటూ కూలబడింది. తరువాత మన్ను ఇచ్చింది.

నల్లబయలులో ఏనుగంత ఉడుము ఒకటి పసుపెక్కిన మిరపమడికి కాపలా కాస్తోంది. "దినమూ నీళ్లు పెడతా ఉండా. ఇంకేం గావాలంట వీటికి?" అని బుసకొట్టింది.

నాంచారి మడిలో వేలు గుచ్చింది. బంకలా అంటుకుంది. "నీళ్లు ఆపు. ఈ నేల తాగింది ఒక పట్టాన వదలదు. మట్టిని గట్లుగా ఎగదోసి బోదెలు తోలు, మొక్కను మిట్టన పెట్టు. మిగిలిన నీళ్లకు కాలువ తియ్యి."

ఉడుము తోకతోనే బోదెలు తోలింది. వారానికి మిరప పచ్చబడింది. అప్పుడు అది నింపాదిగా అడిగింది.

"మీ నాయనకు ఇది తెలీదా?"

"తెలుసు. నాకు చెప్పింది ఆయనే. రాజుకు భయపడినాడు."

"తెలీనోణ్ని నేల ఓర్చుకుంటాది పాపా. తెలిసినోణ్ని ఓర్చుకోదు."

ఉడుము గుప్పెడు మన్ను ఇచ్చింది. నాంచారి ఏడుస్తూ దాన్ని కొంగున కట్టుకుంది.

ఆమె చవుటిపర్ర చేరేసరికి మృగశిర కార్తె వచ్చింది. నైరుతిన మబ్బు లేస్తోంది. తెల్లగా పూచిన ఆ నేల మీద ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"ఈ నేల రేపటికి పండుతుందని ఒక్క మాట అను, మన్ను పట్టుకుని పో" అన్నాడు.

నాంచారి చిటికెడు మన్ను నాలుకకు తాకించింది. ఉప్పగా, చేదుగా ఉంది. ఆ ఒక్క మాట పెదవి దాకా వచ్చింది. మింగేసింది.

"పండదు సామీ. కట్టలు వేసి వాననీళ్లు నిలబెట్టి ఉప్పు కడగాల. జీలుగ చల్లి, పూతకు రాగానే ఎరువుగా కలియదున్నాల. అట్లా మూడేండ్లు."

"మీ నాయనకు మూడు ఝాములు కూడా లేవు."

"తెలుసు."

"అబద్ధమాడితే దక్కుతాడు కదా."

"అబద్ధానికి తల ఊపినందుకే ఆయన అట్లయిపోయింది."

ముని జీలుగ విత్తనాల మూట ఆమె ముందు పెట్టాడు. "అయితే మొదటి ఏడు మొదలుపెట్టి పో."

నాంచారి మబ్బు వైపు చూడకుండా విత్తనాలు చల్లింది. పూట గడిచింది. గుప్పెడు మన్ను అందుకుని పరుగు తీసింది.

ఊరి పొలిమేరలో తొలి చినుకు మీద పడింది. వీధుల్లో జనం తడుస్తూ చిందులేస్తున్నారు. వాళ్లను తోసుకుంటూ తోటలోకి వెళ్లింది. చాచిన తండ్రి చేతులు అప్పటికే మణికట్ల దాకా కరిగిపోయాయి. నాంచారి ఆయన మీద బోర్లా పడి వాననంతా వీపున కాచుకుంది. మూడు మన్నులూ కలిపి గుండెకు పూసింది. మట్టి చర్మమయింది. ఓబులయ్య ఊపిరి తీసుకుని కిందికి చూసుకున్నాడు.

"నా చేతులేవి అమ్మీ?"

"వానలో పోయినాయి నాయనా. ఒక్క పూట ఆలస్యమయింది."

"పోనీలే" అన్నాడు ఓబులయ్య. "నాటినవి అవే కదా."

రాజ్యంలో విత్తనాలు మొలిచాయి. రాజు పెద్దరాణి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, సగం రాజ్యం ఇచ్చి కోడలిగా చేసుకుంటానన్నాడు. ఓబులయ్య అలవాటుగా వంగబోయాడు. నాంచారి ఆయన భుజం పట్టి నిలబెట్టింది. పెళ్లి వద్దంది. సగం రాజ్యం తీసుకుంది. అక్కడ నేల సంగతిలో రైతు మాట మీద రాజు మాట చెల్లదని మొదటి శాసనం వేసింది.

ఆ సగం రాజ్యం నిండా తోటలు లేచాయి. ఓబులయ్య గట్టున నిలబడి చెప్పేవాడు, నాంచారి నాటేది. మన్నింపు కోరుతూ రాజు ఏటా మనిషిని పంపేవాడు. నాంచారి ఆ మనిషికి కడుపునిండా అన్నం పెట్టి, బుట్టెడు వంకాయలు ఇచ్చి పంపేది. మన్నింపు మాత్రం ఏ ఏడూ పంపలేదు.