పలకల సందు

ఎడారి దేశంలో, హిద్ రేవు పక్క గోదాములో మధ్యాహ్నం పన్నెండు దాటింది. వేసవి ఎండలో నాలుగింటి దాకా పని చేయించొద్దని సర్కారు రూలు పెట్టిన రెండో ఏడు అది. చెక్క పలకలు దించే ముగ్గురూ కంటైనర్ నీడన టిఫిను గిన్నెలు విప్పారు.

పలకల మధ్య దొరికిన పుస్తకాన్ని అమ్మిరాజు కూడబలుక్కుని చదువుతున్నాడు. వానలు తెగని ఏదో పెద్ద దీవికి పోయే యాత్రికుల కోసం రాసింది. ఈ చెక్కా అక్కడి అడవిదే.

"బాట వదిలి పదడుగులు పక్కకెళ్తే మనిషి దొరకడంటండీ, భూమేష్ గారూ."

"నీళ్లు దొరుకుతయా? అది చెప్పు."

రాజనర్సు పకపకా నవ్వాడు. "మా బావ ఆడికి పోయినా ఓవర్‌టైం అడుగుతడు!"

రాజనర్సు భూమేష్ భార్య దుర్గవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. "తీస్కపోయినోనివి నువ్వే తెచ్చి అప్పజెప్పాలె" అని ఆమె ఒట్టు పెట్టించుకునే పంపింది.

వాళ్లిద్దరూ కునుకు తీస్తుంటే, భూమేష్ పుస్తకంలో బొమ్మలు చూస్తూ కంటైనర్‌లోకి పోయి ఒరిగాడు. తలుపు మూసేముందు బయటివాడు మూడుసార్లు రేకు కొట్టాలి, లోపలివాడు తిరిగి కొట్టాలి. అది వాళ్ల పద్ధతి. నిద్రపోయినవాడు ఏం కొడతాడు?

మెలకువ వచ్చేసరికి కటిక చీకటి. ఇనుము పెనంలా కాలుతోంది. అరిచాడు. పిడికిళ్లు వాచేలా బాదాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంకో గంట ఇలాగే ఉంటే శవమే.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన ఆకులు... కుళ్లిన పండ్లు... పలకలకూ రేకుకూ మధ్య ఒక్క మనిషి పట్టేంత సందులోంచి చల్లగాలి.

"బావా..." రాజనర్సు గొంతు. "ఇటు రా. ఇటు దారున్నది."

పక్కవాటుగా దూరాడు. కంటైనర్ పొడవు ఇరవై అడుగులని అతనికి కొలిచినట్టు తెలుసు. లెక్కపెడుతూ పోయాడు. పదహారు. ఇరవై. ముప్పై... గోడ రాలేదు. చేతి కింద పలక గరుకుగా, తడిగా, బెరడులా ఉంది. కాళ్ల కింద మెత్తగా ఏదో దిగబడింది.

వెనక, ఎంతో దూరాన, రేకు మీద మూడు దెబ్బలు. గోరంత వెలుగు.

మోచేతులు చీరుకుపోతున్నా వెనక్కి పాకి బయటపడ్డాడు.

అమ్మిరాజు అతని నెత్తిన నీళ్లు కుమ్మరించాడు. "దుమ్ము రేగుతోందని మూసేటప్పుడు కొట్టానండీ... మీరు పలకలేదు."

"నర్సు ఏడి?"

అమ్మిరాజు అతని వెనక సందులోకి చూశాడు. "నర్సూ, ఇటు రా అని మీరు పిలిచారు కదండీ లోపల్నించి! తలుపు తియ్యగానే వాడే ముందు దూరాడు. మీకు ఎదురు రాలేదా?"

ఆ సందులో ఇద్దరు పట్టరు.

అమ్మిరాజు టార్చి వేశాడు. సందు చివర వెనక రేకు తళతళా మెరిసింది. ఎవరూ లేరు. భూమేష్ సందులోకి చెయ్యి చాపాడు.

పలకల వెనకనుంచి భూమేష్ గొంతే, మెల్లగా, ముద్దుగా...

"భయపడకు నర్సూ. నేనున్న కదా."