ఏ ఆనీ ఖాతా?

ఆనీ గిలిస్ బ్యాంకులోకి అడుగుపెట్టిన తీరు చూసి వరుసలో ఉన్నవాళ్లంతా పక్కకు జరిగారు. బయట ఎడతెగని వాన. ఆమె కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి, కళ్ల నుంచి నిప్పులు రాలుతున్నాయి.

కౌంటర్ వెనక ఉన్న తారస్ ఊరికి కొత్త. దేశానికి ఆ చివరన ఉన్న గోధుమ పొలాల మధ్య నుంచి ఈ కేప్ బ్రెటన్ దీవికి ఉద్యోగానికని వచ్చాడు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు.

"నా చెక్కు తిరిగొచ్చింది," అంది ఆనీ. "టీ గది పెట్టుకోడానికి హ్యూయీ వాళ్ల గది అద్దెకి మాట్లాడుకుని, అడ్వాన్సుగా ఇచ్చిన చెక్కు. రేపు సాయంత్రంలోగా డబ్బు అందకపోతే టీషర్టుల కొట్టువాళ్లకి ఇచ్చేస్తాడట. మూడేళ్లు హోటల్లో గదులు సర్ది కూడబెట్టుకున్నాను. నా డబ్బేమైంది?"

తారస్ కంప్యూటర్ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "లోపల గదిలో కూర్చుని మాట్లాడదామా?"

"ఎందుకు? నేనేం దొంగతనం చెయ్యలేదు. చేసింది మీరు. ఇక్కడే చెప్పండి."

"మేడమ్, దయచేసి..."

"గట్టిగా చెప్పండి. అందరూ వినాలి."

"పోయిన నెల మీ ఖాతాలోంచి ఒక వెబ్‌సైటుకి ఏడాది చందా వెళ్లింది. అది... తోడు వెతికిపెట్టే వెబ్‌సైటు. ప్రీమియం చందా."

వరుసలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ప్రీమియమే!" అంది వెనక నుంచి చేపల కొట్టు లెక్సీ, ఎంతో గౌరవంగా.

ఆనీ గబగబా లోపలి గదిలోకి నడిచింది. కుర్చీలో కూలబడి తల పట్టుకుంది.

"నేను కట్టలేదండీ బాబూ. ఈ ఊళ్లో పెళ్లికాని మగాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ మాకు చుట్టాలే. వాళ్ల కోసం వెబ్‌సైటెందుకు? కిటికీ తీస్తే కనిపిస్తారు!"

తారస్ నవ్వబోయి ఆపుకున్నాడు. "మీరు కట్టలేదంటే నేను నమ్ముతాను. మీ అనుమతి లేకుండా డబ్బు తీసుకున్నారని మూడు నెలల్లోపు మాకు చెబితే చాలు. ఒక సంతకం పెడితే ఆ డబ్బు మేమే తిరిగి ఇవ్వాలి. మీరు ఆ వెబ్‌సైటు వాళ్ల చుట్టూ తిరగక్కర్లేదు. చెక్కు తిరిగొచ్చినందుకు వేసిన జరిమానా కూడా అడగండి."

"ఇవన్నీ మీరే చెబుతున్నారా? బ్యాంకువాళ్లు అడిగితేగాని చెప్పరంటారే."

"మీ హక్కది. నేను దాచుకుని ఏం చేసుకుంటాను?"

ఆ మాట అన్న తీరుకి ఆనీ కోపం సగం కరిగిపోయింది. అతని కళ్లు నీలంగా ఉన్నాయని కూడా అప్పుడే గమనించింది. గమనించినందుకు తనమీద తనకే చిరాకేసింది.

"ఎప్పటికి వస్తుంది?"

"టొరంటోలోని మా పెద్దాఫీసువాళ్లు పరిశీలించాలి. వారం పట్టొచ్చు."

"వారమా?" ఆమె కుర్చీలోంచి లేచింది. "అప్పటికి ఆ గదిలో టీషర్టులు వేలాడుతుంటాయి."

తారస్ మళ్లీ కంప్యూటర్ వంక చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"ఈ చందాకి అనుమతి ఎక్కించింది నేనే," అన్నాడు నెమ్మదిగా. "ఒకావిడకి ఆన్‌లైన్‌లో కట్టడం రాదంటే కౌంటర్ దగ్గర నేనే చేసి పెట్టాను. ఆనీ గిలిస్ అని పేరు కొట్టి, ముందు వచ్చిన ఖాతా నొక్కేశాను."

"ఏ ఆనీ అని అడగలేదా?"

"అడగాలని నాకు తెలీదు."

ఆ ఊళ్లో ఇంటికో గిలిస్. నానమ్మ పేరు మనవరాలికి పెట్టడం తాతలనాటి నుంచీ వస్తోంది. అందుకే అక్కడ ఎవరినీ ఒట్టి పేరుతో పిలవరు. సుత్తి ముట్టి ఎరగకపోయినా ఈ ఆనీ ఊరందరికీ కమ్మరి ఆనీయే, వాళ్ల ముత్తాత కొలిమి పుణ్యమా అని. ఇక కాన్వెంట్‌లో సన్యాసం పుచ్చుకున్న సిస్టర్ ఆనీ ఒకరు, లైట్‌హౌస్ ఆనీ ఒకరు.

"తప్పు మాదేనని నేను రాసిచ్చేస్తే డబ్బు ఇవాళే మీ ఖాతాలో వేయొచ్చు," అన్నాడు తారస్. అంటూనే రాయడం మొదలుపెట్టాడు.

"ఇంతకీ ఆ ఆనీ ఎవరు?"

"అది మాత్రం చెప్పలేను. ఆవిడా మా కస్టమరే."

సన్యాసినికి తోడు అక్కర్లేదు. మిగిలింది డెబ్భై దాటిన లైట్‌హౌస్ ఆనీ. భర్త పోయాక ఆ కొండ అంచు ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఆనీకి ముందు నవ్వొచ్చింది. వెంటనే మనసు కలుక్కుమంది.

"సరే, అడగను," అంది సంతకం పెడుతూ. "చందా నాదేనని ఊరనుకుంటే అనుకోనివ్వండి."

తారస్ ఆమె వంక చూశాడు. ఆ చూపు గుర్తొచ్చి ఆ సాయంత్రమంతా ఆనీ చేసిన ప్రతి పనీ తప్పులతడకే అయింది.

మర్నాడు హ్యూయీకి డబ్బు కట్టింది. తాళంచెవి చేతికి రాగానే ఓట్స్‌పిండితో చేసే ఓట్‌కేకులు కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టుకుని బ్యాంకుకి పరుగెత్తింది. కౌంటర్ దగ్గర మేనేజర్ మార్సెల్లా ఉంది.

"తారస్ లేడా?"

"ఇంట్లో ఉండమన్నారు. ప్రొబేషన్‌లో ఉండగా తన తప్పుని తనే రాసిచ్చాడుగా. ఉంచాలో పంపాలో సోమవారం టొరంటో వాళ్లు తేలుస్తారు."

ఆనీ డబ్బా బల్ల మీద పెట్టేసింది. "నాకు చెప్పలేదే!"

"చెబితే నువ్వు సంతకం పెట్టేదానివా?"

నిలబడ్డ చోటే ఆనీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టీ గది దక్కిందన్న సంతోషం నోట్లో చేదైపోయింది. అదే సమయానికి తలుపు తోసుకుని, గొడుగు విదిలిస్తూ లైట్‌హౌస్ ఆనీ వచ్చింది.

"లెక్సీ చెప్పింది విన్నాను," అంది ముసలావిడ, వరుసలో ఉన్న అందరికీ వినపడేలా. "ఆ చందా ఈ పిల్లది కాదు, నాది. ఈ వయసులో నాకు తోడు కావాలనిపించింది. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

"ప్రీమియం ఎందుకు మామ్మా?" అడిగింది వరుసలోంచి లెక్సీ ఉండబట్టలేక.

"మామూలు చందాకి మరీ ముసలాళ్లని చూపిస్తున్నారే!"

నవ్వులు ఆగాక ఆవిడ ఆనీ రెండు చేతులూ పట్టుకుంది. "ఊరంతా నిన్ను చూసి నవ్వుతున్నా, నేనేనని కనిపెట్టి కూడా నా పేరు బయట పెట్టలేదు. నీ డబ్బుతోనే నాకు మంచి మనిషి దొరికాడే పిల్లా. వడ్రంగం చేస్తాడు, ఫిడేలు వాయిస్తాడు. నీ మేలు ఈ జన్మకి మరిచిపోను."

"నాకు కాదు మామ్మా, ఆ అబ్బాయికి మేలు చెయ్యాలి," అంది ఆనీ. "తన తప్పు తనే రాసిచ్చి ఉద్యోగానికే ఎసరు తెచ్చుకున్నాడు."

ముసలావిడ మేనేజర్ వైపు తిరిగింది. "తప్పు దాచిపెట్టినవాణ్ణి పంపిస్తే అర్థముంది మార్సెల్లా. ఒప్పుకున్నవాణ్ణి పంపిస్తే రేపు మీ దగ్గర ఎవడు ఒప్పుకుంటాడు?"

"నేనూ అదే రాశాను మామ్మా. ఈ పొరపాటుతో సంబంధమున్న ఖాతాదారులు మీరిద్దరూ కూడా రాసిస్తే బలం వస్తుంది."

ఇద్దరు ఆనీ గిలిస్‌లు పక్కపక్కన కూర్చుని రాసిచ్చారు.

ఆ పై వారం టీ గది తెరుచుకుంది. మొదటిరోజే కుండపోత వాన. మూల బల్ల దగ్గర లైట్‌హౌస్ ఆనీ తన వడ్రంగి మిత్రుడితో కబుర్లాడుతోంది. తారస్ నిలువెల్లా తడిసి వచ్చాడు.

"ఉంచారు," అన్నాడు గుమ్మంలోనే.

ఆనీ తువ్వాలు అతని చేతిలో పెట్టింది. టీ తెచ్చింది. అతను కూర్చున్న బల్ల మీద చెయ్యి ఆన్చి నిలబడింది.

"ఉద్యోగం పోతుందని తెలిసీ ఎందుకు రాశారు?"

"రాయకపోతే మీకు ఈ గది పోయేది."

"మీది పోతే?"

"మా ఊళ్లో గోధుమ పొలాలున్నాయి. మా అమ్మ సంబరపడేది. కాకపోతే..." కప్పు వంక చూస్తూ ఆగిపోయాడు.

"కాకపోతే?"

"మిమ్మల్ని చూడ్డం కుదిరేది కాదు. భయమేసింది దానికే."

ఇన్నాళ్లూ ఆనీ తనది కృతజ్ఞత అనుకుంది. కృతజ్ఞతే, కానీ ఒట్టి కృతజ్ఞతకి ఇలా నిద్ర పట్టకుండా పోదు.

"నేను తాళంచెవి చేతిలో పెట్టుకుని ఏడ్చాను తెలుసా?" అంది. "నువ్వు వెళ్లిపోతే ఈ గది దక్కినా నాకు దక్కనట్టే ఉండేది. నువ్వంటే నాకు చాలా ఇష్టం, తారస్."

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఇద్దరూ ఒకేసారి గమనించారు. తారస్ చెయ్యి బల్ల మీదుగా వచ్చి ఆమె చేతిని పట్టుకుంది.

"చూశావా," అంది మూల నుంచి లైట్‌హౌస్ ఆనీ తన మిత్రుడితో, "వీళ్లకి చందా అవసరం కూడా లేకపోయింది!"

ఆనీ పకపకా నవ్వింది. పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి నొప్పెడుతున్న కాళ్లతో, ఒక కుర్చీ లాక్కుని తారస్ పక్కన కూర్చుంది.