పిడికెడు పాచి

రోజూ చేయవలసిన పనులు ఇవి.

పొద్దున లేవగానే చేపల తొట్టి వెనక వేలాడే డబ్బా లైటు ఆర్పి తొట్టి లైటు వేయాలి. సాయంత్రం దీన్ని ఆర్పి దాన్ని వేయాలి. ఆవిరైన మేరకు గీత దాకా నీళ్లు పోయాలి. తొట్టి ఉప్పునీళ్లదే అయినా పోసేది మాత్రం ఫిల్టరు పట్టిన మంచినీళ్లే. జోకర్ చేపలు రెండింటికీ చిటికెడు మేత వేయాలి. మాణిక్యానికి ఏమీ వేయకూడదు. అవ్వ దగ్గర కాసేపు కూర్చోవాలి.

రంజని వేళ్లు మడుస్తూ చెబుతుంటే ఫణీంద్ర ఫోనులో టైపు చేసుకున్నాడు. ఆమె ట్రైనింగుకని కోయంబత్తూరు బయలుదేరింది. వీధిలో ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"మాణిక్యం అంటే ఏదండి?"

"అదో, రాయి కింద. పట్టుచీర అంచు మాదిరి ఉండాదే, అది."

నీలం ఒంటి మీద నారింజ చారలతో వేలెడంత చేప. మిగతా రెండూ పైన ఈదులాడుతుంటే ఇది రాళ్లను ముద్దు పెట్టుకుంటున్నట్టు తిరుగుతోంది.

"ఆకలెయ్యదా పాపం?"

"దాని తిండి అది వెతుక్కుంటాది. నువ్వు అన్నం పెట్టబాకు." బ్యాగు భుజానికి తగిలించుకుని నవ్వింది. "నన్ను గారు అనేది ఎప్పుడు ఆపతావు?"

"అలవాటండి, రంజని గారు."

"ఇంక మాణిక్యాన్ని గూడా గారు అంటావేమో."

ఆటో మలుపు తిరిగేదాకా ఫణీంద్ర గుమ్మంలోనే నిలబడ్డాడు.

అతనిది దర్శి దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. చెన్నై అంబత్తూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పెరంబూరులో రంజని, వాళ్ల అవ్వ ఉండే ఈ ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకు ఉంటాడు. ఏ పని చెప్పినా చెప్పినదానికంటే కాస్త ఎక్కువే చేయడం అతని అలవాటు. ఆ పని రంజని చెప్పిందైతే ఇంకా ఎక్కువ చేయాలనిపిస్తుంది.

ఆ ఎక్కువే కొంప ముంచింది.

తొట్టి వెనక అంచుకు వేలాడే అక్రిలిక్ డబ్బాలోకి చిన్న పంపు నీళ్లు తోడుతుంది, అవి మళ్లీ తొట్టిలోకి జారతాయి. ఆ డబ్బాలో గిన్నెలు తోమే పీచులా చిక్కులు పడిన పచ్చటి పాచి కిక్కిరిసి ఉంది. అతని ఇంట్లో నీళ్ల తొట్టికి పాచి పడితే అమ్మ ఊరుకునేది కాదు. పాచి ఉన్న ఇల్లంటే ఒళ్లు వంచని ఇల్లు. పాపం, రంజనికి తీరిక లేక వదిలేసి ఉంటుందనుకున్నాడు. ఆదివారం పంపు ఆపి, డబ్బా విప్పి, పాచి మొత్తం చెత్తబుట్టలో వేసి, కుళాయి కింద అద్దంలా తోమి పెట్టాడు. రంజని వచ్చి చూసి ఏమంటుందో ఊహించుకుంటే ముందే సిగ్గేసింది.

మర్నాటి సాయంత్రం అవ్వ తొట్టి ముందు కుర్చీలో కూర్చుంటూ అడిగింది.

"ఏమప్పా, ఆ డబ్బాలో పచ్చంగా ఉండేది ఏడకు పోయింది?"

"మురికి పట్టిందని కడిగేశానండి."

అవ్వ పేరు భువనేశ్వరి. కుర్చీని డబ్బా వైపు జరుపుకుంది.

"అది మురికి గాదు నాయనా. తొట్టిలో మురికిని తినేది అది. కంటికి ఆనని పురుగులు దాంట్లోనే పిల్లలు పెడతాయి. ఆడైతే చేపలు రావు గదా. అవి పొంగి ఇట్ల తొట్టిలోకి రాల్తేనే మాణిక్యానికి కూడు. ఏందో రెఫ్యూజియం అంటారంట దాన్ని. రైలు కోచ్ ఫ్యాక్టరీలో కిటికీలు బిగించిన చేతుల్తో మా ఆయన చేసినాడు ఆ డబ్బా. పాచీ ఆయన వేసిందే."

అవ్వ భర్త వరదరాజులు పోయి ఏడాది దాటింది. హాల్లో ఫోటోకు దండ ఉంది.

ఫణీంద్ర పరుగున వెళ్లి చెత్తబుట్ట చూశాడు. చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది. ఇది దాచడం అతని వల్ల కాలేదు. ఫోను తీసి రంజనికి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆమె చివరిదాకా వింది. తర్వాత, "ఫణీంద్ర గారూ, మీరింక తొట్టి దగ్గరకు పోవద్దండి," అంది.

ఆమె నోట మొదటిసారి వచ్చిన ఆ 'గారు', ఆ 'అండి' అతన్ని తిట్టుకంటే గట్టిగా తాకాయి.

"అంగట్లో దొరకదా అవ్వా?" అన్నాడు.

"దొరుకుతాదేమో. ఆయనది గాదు గదా." అవ్వ ఫోటో వైపు చూసింది. "గుబురైనప్పుడల్లా పిడికెడు తీసి ఎవురికో ఒకరికి ఇచ్చేవాడు. తియ్యకపోతే అదీ పెరగదు, నీళ్లూ బాగుపడవు అనేవాడు. అమ్మింది లేదు. కోడంబాక్కంలో కృష్ణన్ అని, సినిమా సెట్లకు రంగులేసే ఆయన... ఆయనకు ఇచ్చినట్టు గెవనం."

మర్నాడు ఫణీంద్ర సెలవు పెట్టాడు. అవ్వ ఇచ్చిన పిడీ మూతా ఉన్న స్టీలు తూకు గిన్నె పట్టుకుని లోకల్‌లో సెంట్రల్‌కు, ఎదురుగా పార్క్ స్టేషన్‌లో తాంబరం బండి ఎక్కి కోడంబాక్కానికి. ఇంటి గుర్తులు అడిగి అడిగి తలుపు తట్టేసరికి వాన మొదలైంది.

కృష్ణన్ తమిళాయన. తెలుగు సినిమాల్లో పనిచేసి తెలుగు పట్టుబడింది. సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"అయ్యో తంబి, కడిగేసినావా? సోపు గూడా పెట్టినావా?"

"లేదండి."

"అంతవరకు నయం." లోపల ఆయన తొట్టికీ వెనక ఒక డబ్బా వేలాడుతోంది. దాని నిండా అదే పచ్చదనం. చేయి పెట్టి పిడికెడు కాదు, రెండు పిడికిళ్లు తీశాడు. "వరదరాజులు సార్ పాచి ఇది. నేను గూడా పదిమందికి ఇచ్చినాను. ఎవరికిచ్చినా ఆయన పేరు చెప్పి ఇస్తాను. సగం డబ్బాలో పెట్టు. మిగతాది తొట్టిలో దులిపి తర్వాత అదీ డబ్బాలో పెట్టు, చేపకు వెంటనే తిండి దొరుకుతుంది."

తిరుగు రైల్లో తూకును ఒళ్లో పెట్టుకుని, జల్లు పడకుండా చొక్కా అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నావిడ సాంబారు అనుకుని, "ఒలకకుండా పట్టుకో నాయనా," అంది. పట్టుకున్నాడు.

తొట్టి దగ్గరకు పోవద్దన్న మాట మాత్రం దాటలేదు. చేతులు వణికే అవ్వే పాచి దులిపింది. అతను రెండడుగుల అవతల నిలబడి ఎక్కడ పెట్టాలో చెప్పాడు. చూస్తుండగానే మాణిక్యం రాయి కింది నుంచి బయటికొచ్చి రాలిన పురుగేదో ఒకటి కొరికింది. మళ్లీ ఒకటి.

రంజని వచ్చిన సాయంత్రం ఫణీంద్రను పిలవలేదు. అతనే వచ్చి గుమ్మం బయట ఆగాడు. ఆమె తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. వెనక డబ్బాలో పాచి కొత్త కొసలు వేస్తోంది.

"అవ్వ అంతా చెప్పింది," అంది వెనక్కి తిరగకుండా. "ఫోన్లో నువ్వు చెప్పినప్పుడు తాత మళ్లీ పోయినట్టనిపించింది. అందుకే అట్లన్నా."

మళ్లీ నువ్వు అంది.

"తప్పు నాదేనండి. మీరు మెచ్చుకుంటారని చేశాను. ఇంకోటి కూడా చెప్పాలి. నాకు మీరంటే చాలా ఇష్టం. మా ఇంట్లో చెప్పే ముందు మీకు చెప్పడం ధర్మమని..."

"ధర్మమా?" రంజని ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది. "ప్రేమను గూడా డ్యూటీ మాదిరే చెప్తావే నువ్వు."

"ఇంకెలా చెప్పాలో తెలీదండి."

"తెలీకపోతేనేం. వానలో తూకు ఒళ్లో పెట్టుకోని వచ్చిన మనిషిని వద్దని నేనెట్లంటా?" జరిగి పక్కన చోటిచ్చింది. "రా. ఇంక తొట్టి దగ్గరకు రావచ్చు. మాణిక్యం గారు పిలస్తా ఉండారు."

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "రంజనీ, ఆ అబ్బోడికీ కలిపే బియ్యం పెట్టినా. ఇంక రోజూ అట్లే పెడతా."

ఇప్పుడు ఆ డబ్బా గుబురైనప్పుడల్లా ఇద్దరూ కలిసి పిడికెడు తీసి, అడిగినవాళ్లకు ఊరికే ఇస్తున్నారు. అది ఏ వీధి దాటి ఏ ఊరు చేరుతుందో వాళ్లకు తెలియదు. ఎప్పుడైనా ఎవరైనా మీ చేతిలో చిక్కులు పడిన పచ్చటి పాచి పెడితే మురికి అనుకోకండి. నీళ్లలో వదిలే ముందు, పెరంబూరులో వరదరాజులు అని ఒకాయన ఉండేవారని ఒక్కసారి తలుచుకోండి.