వెనక్కి పోయని గ్లాసు

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు సిడ్నీలో హారిస్ పార్క్ స్టేషన్ పక్కన బెంచీ మీద ఒక మనిషి చచ్చిపోయాడు. అది కళ్లారా చూసిన భార్గవ్ ముందు ఆఫీసుకి ఫోన్ చేశాడు. తర్వాత ఎదురు హోటల్లోకి వెళ్లి మసాలా దోసె తిన్నాడు.

దోసెకి రుచి లేదు. తప్పు వంటవాడిది కాదు. రెండేళ్లుగా భార్గవ్ నాలుకకి ఏ రుచీ తెలియడం లేదు. మొరాకోలోని టాంజియర్‌లో ఒక కాఫీ హోటల్ పేలిపోయి, లోపల కూర్చున్న తోటి ఏజెంట్ రాహుల్ పోయిన రోజు నుంచీ ఇదే వరస. డాక్టర్లు స్కాన్లు తీసి, ముక్కూ నాలుకా భేషుగ్గా ఉన్నాయన్నారు. ఏడుపు రాదు, నవ్వు రాదు, కోపం రాదు. సీక్రెట్ ఏజెంట్‌కి ఇంతకంటే గొప్ప క్వాలిఫికేషన్ ఏముంటుందని డిపార్ట్‌మెంట్ లోలోపల సంతోషించింది కూడా.

మధ్యాహ్నం బ్రీఫింగ్. చీఫ్ జయశ్రీది బెజవాడ. సిడ్నీకి వచ్చి ముప్ఫై ఏళ్లయినా బెజవాడ ఎండ ఆవిడ గొంతులోంచి పోలేదు.

"పోయినవాడు మన ఇన్‌ఫార్మర్. టీ కప్పు అడుగున పంచదారలో విషం కలిపారు. వాసన లేదు, రంగు లేదు. మూడు నిమిషాల్లో హార్ట్ ఎటాక్ లాగా పోతారు. జేబులో ఇది దొరికింది."

అది ఒక కరపత్రం. 'మొరాకో మధ్యాహ్నం. డాక్టర్ ఆండాళ్ గారి ట్రావెల్ టాక్, స్లైడ్ షో, మింట్ టీ, సమోసాలు. ఆదివారం మూడు గంటలకు, ద పాండ్స్ కమ్యూనిటీ హాల్.'

"ఆండాళ్ ఎవరు మేడమ్?"

"యూనివర్సిటీలో సిరామిక్స్ సైంటిస్ట్. అరవై ఏడేళ్లు. ఫెజ్ నగరం నుంచి వచ్చిన రంగుపెంకుల లోడ్ ఒకటి కస్టమ్స్ వాళ్లు ఆవిడకి టెస్టింగ్‌కి పంపారు. పెంకుల లోపల మిస్సైల్ గైడెన్స్ చిప్స్ ఉన్నాయి. ఆ పెంకులు చేయించినవాణ్ణి ఫెజ్‌లో కళ్లారా చూసిన మనిషి ప్రపంచం మొత్తానికీ ఆవిడొక్కతే. బుధవారం కాన్‌బెర్రాలో సాక్ష్యం చెప్తుంది. బతికుంటే."

"ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేయించొచ్చుగా?"

"అడిగాను. 'రెండొందల మందిని పిలిచానమ్మా, మొహం ఎలా చూపించను?' అంది. స్పాన్సర్ ఆర్యన్ అని, సెవెన్ గేట్స్ టూర్స్ ఓనర్. కెల్లీవిల్‌లో ఉంటాడు. ముఠాకి సిడ్నీ ఏజెంట్ వాడే, కానీ ప్రూఫ్ లేదు. ఇక టీ పోసేది..." జయశ్రీ ఒక ఫొటో బల్ల మీద పెట్టింది.

ఆకుపచ్చ పట్టు కఫ్తాన్ గౌను, వెండి వడ్డాణం, ఏ దేశంలోనైనా నలుగురూ తిరిగి చూసే మొహం. మోనిషా. సువాలో పుట్టిన ఫిజీ తెలుగమ్మాయి, మొరాకోలో భార్గవ్, రాహుల్‌ల టీమ్‌లో మూడో మనిషి, ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ మనిషి. టాంజియర్ పేలుడు జరిగిన సాయంత్రమే మాయమై, నెల తిరక్కుండా ముఠా వైపు తేలింది.

"రాహుల్‌ని అమ్మింది ఈవిడే అని ఫైల్లో రాశాం," అంది జయశ్రీ. "నీకేమన్నా అనిపిస్తోందా?"

భార్గవ్ నిజాయితీగా వెతుక్కున్నాడు. "లేదు మేడమ్."

"మంచిది. చెయ్యి దాటితే షూట్ చెయ్యి."

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకల్లా భార్గవ్ కేటరింగ్ మనిషిగా మారిపోయాడు. అతికించిన మీసం, స్పాంజి బొజ్జ, నూనె మరకల ఏప్రన్. చెవిలో హియరింగ్ ఎయిడ్ లాంటి రేడియో. జేబులో డబ్బీడు టూత్‌పిక్స్, విషం తగిలితే నీలం రంగుకి తిరిగే రకం. సమోసాలు మాత్రం నిజమైనవే.

ట్రే పట్టుకుని స్టేజి దగ్గరికి వెళ్లాడు. మోనిషా ఇత్తడి పళ్లెంలో పువ్వుల గ్లాసులు సర్దుతోంది. అతన్ని చూసింది. మీసం చూసింది, బొజ్జ చూసింది, మళ్లీ గ్లాసుల వైపు తిరిగింది. మొరాకో రోజుల పాత కోడ్ వాక్యం ఒకటుంది. ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేముందనుకున్నాడు.

"ఫెజ్‌లో వాన పడిందా మేడమ్?"

'పడింది, తోళ్లింకా ఆరలేదు' అనాలి. అదే జవాబు.

"నాకేం తెలుసు? నేను సువా దాన్ని," అంది మోనిషా. "సమోసాలు అక్కడ పెట్టు."

అయితే ఫైల్లో రాసింది నిజమే. భార్గవ్ సమోసాలు అక్కడ పెట్టాడు.

మూడు గంటలకి ఆండాళ్ మైకు పట్టుకుంది. పొట్టి మనిషి, పెద్ద బొట్టు, కంచిపట్టు మీద కార్డిగన్, కాళ్లకి స్నీకర్స్. ముందు వరసల్లో పెద్దవాళ్లు, వెనక గోడ వారన పిల్లలు, స్టేజి పక్కన కోటు జేబులో కుడి చెయ్యి పెట్టుకుని ఆర్యన్.

"ఫెజ్ పాత ఊళ్లో కార్లుండవమ్మా. గాడిదలే," అంటోంది ఆవిడ. "వెనకనించి 'బాలక్, బాలక్' అని అరుస్తారు, తప్పుకోమని. తప్పుకోకపోతే సిమెంటు బస్తా వచ్చి మన వీపుకి తగులుతుంది. పొద్దున్నే ఆడపిల్లలు పిండి ముద్దలు చెక్క మీద పెట్టుకుని వీధి పొయ్యికి తీసుకెళ్తారు. ఊరందరి రొట్టెలూ ఆ ఒక్క పొయ్యిలోనే. ఎవరి రొట్టె ఎవరిదో ఆ కాల్చేవాడికెలా తెలుస్తుందో నాకు ఈ రోజుకీ తెలీదు!"

జనం నవ్వారు. భార్గవ్ ఆ వీధిలోనే ఏడు నెలలున్నాడు. కాల్చేవాడికి ఎలా తెలుస్తుందో అతనికి తెలుసు. ప్రతి ఇంటివాళ్లూ పిండి మీద తమ గుర్తు తామే పెట్టుకుంటారు. తనూ, రాహుల్, మోనిషా, ముగ్గురి గుర్తూ మూడు వేలి గుంటలు. అందులో ఒకటి రాహుల్ వేలు.

"శుక్రవారం మధ్యాహ్నం ఏ ఇంటికెళ్లినా కుస్‌కుసే, మన రవ్వ ఉప్మా లాంటిదమ్మా," ఆండాళ్ సాగించింది. "ఒకే పెద్ద పళ్లెం, చుట్టూ ఆరుగురం. పక్కవాళ్ల వైపు చెయ్యి పెట్టకూడదు. నా మూల నేను దాటలేదు. నీళ్లకి మాత్రం అందరికీ కలిపి ఒకటే గ్లాసు! అక్కడ నా వల్ల కాలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నా స్టీలు గ్లాసు తీశాను. మా ఆయన నవ్వితే నవ్వాడు గానీ, ఎంగిలి మాత్రం ప్రాణం పోయినా తాగను."

మూడూ ఇరవైకి టాక్ అయిపోయింది. మోనిషా లేచింది. ఆర్యన్ తెల్ల రుమాలుతో తుడుస్తూ ఒక గ్లాసు తెచ్చి, పంచదార ముక్కతో సహా ఆమె ముందు పెట్టి, కుడి చెయ్యి మళ్లీ కోటు జేబులో పెట్టుకున్నాడు. "ఇది మన చీఫ్ గెస్ట్‌కి. స్పెషల్ గ్లాస్."

ఆమె వెండి కేటిల్‌ని భుజం ఎత్తుకి లేపి, గ్లాసులోకి సన్నటి ధారగా పోసింది. నురగ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె నిండిన గ్లాసు తీసి, తిన్నగా ఆండాళ్ చేతికిచ్చింది.

మూడో టేబుల్ దగ్గర సమోసాలు పంచుతున్న భార్గవ్ ఆగిపోయాడు.

మొరాకోలో మొదటి గ్లాసు ఎవరికీ ఇవ్వరు. పోసిన గ్లాసుని మళ్లీ కేటిల్లోకే వంచేస్తారు. పంచదార, పుదీనా బాగా కలవాలని. ఆ తర్వాతే వడ్డన. ఫెజ్‌లో మోనిషా ఏడు నెలలు రోజూ వాళ్లిద్దరికీ టీ పోసింది. ఒక్క రోజూ మొదటి గ్లాసు వెనక్కి పోయకుండా ఉండలేదు. ఒకరోజు తనే నవ్వుతూ అంది కూడా. "ఎప్పుడైనా నేనిది వెనక్కి పోయకపోతే, ఇంక ఏమీ అడగొద్దు, ఆ టీ వదిలేసి పరుగెత్తండి." ముగ్గురూ నవ్వారు. అప్పట్లో భార్గవ్‌కి నవ్వొచ్చేది.

ఆర్యన్‌కి ఇదేదీ తెలియదు. పదేళ్లుగా జనానికి మొరాకో టూర్లు అమ్ముతున్న పెద్దమనిషి, కెల్లీవిల్ ఆఫీసు దాటి ఎన్నడూ మొరాకో వెళ్లిన పాపాన పోలేదు.

ఆండాళ్ గ్లాసు ఎత్తి ఊదుతోంది. మధ్యలో ఇరవై అడుగులు, నలభై కుర్చీలు. విషం అని అరిస్తే ఆర్యన్ కుడి చెయ్యి జేబులోంచి బయటికొస్తుంది. గోడ వారన పిల్లలున్నారు.

గ్లాసు అంచు ఆవిడ పెదాలకి అంగుళం దూరంలో ఉంది.

"అయ్యయ్యో, ఆంటీ!" భార్గవ్ నోరారా గుంటూరు యాసలో అరిచాడు. "తాగమాకండి! అది ఎంగిలి గ్లాసు! వంటింట్లో నేను తాగి అక్కడే పెట్టానండి! కడగలా!"

హాలంతా ఒక్కసారిగా 'ఛీ' అంది. కాలిన పెనం ముట్టుకున్నట్టు ఆండాళ్ గ్లాసు బల్ల మీద పెట్టేసి, చెయ్యి చీరకొంగుకి తుడుచుకుంది.

"నో నో, ఆంటీ!" ఆర్యన్ ముందుకొచ్చాడు. "ఇట్స్ క్లీన్. నేనే కడిగి తెచ్చాను, నేనే షుగర్ వేశాను. వాడికేం తెలీదు. ప్లీజ్, తాగండి."

"నువ్వెన్ని చెప్పు నాయనా, నాకొద్దు," అంది ఆండాళ్.

భార్గవ్ కుర్చీల మధ్యనించి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. "నాదే పొరపాటేమో సార్. మీరే కడిగారుగా. అయితే మీరు తాగండి."

ఆర్యన్ తాగలేదు. భార్గవ్ జేబులోంచి ఒక టూత్‌పిక్ తీసి టీలో ముంచాడు. పుల్ల నీలంగా మారింది.

ఆర్యన్ జేబులోంచి చెయ్యి రావడం, భార్గవ్ సమోసా పట్టకారు ఆ మణికట్టుని పట్టుకుని మెలితిప్పడం ఒకేసారి జరిగాయి. పిస్తోలు చింతపండు చట్నీలో పడింది. ముందు వరసలో కూర్చున్న ఇద్దరు మగవాళ్లు లేచి ఆర్యన్ మీద కూర్చున్నారు. ఒకాయన కార్డియాలజిస్ట్. వీడి గుండె బాగా కొట్టుకుంటోంది, కంగారేం లేదని చెప్పాడు.

మోనిషా కఫ్తాన్ మెడలోంచి చిన్న మైక్ పీకి నేలకేసి తొక్కింది. "వాడి చెవిలో ఇదే మోగుతోంది, భార్గవ్. అందుకే నీకు జవాబివ్వలేదు. నా తమ్ముడు కుశాల్ వాడి ఇంటి గరాజ్‌లో ఉన్నాడు. మూడున్నరకి వాడు ఫోన్ చెయ్యకపోతే కాపలావాడు చంపేస్తాడు."

అప్పుడు మూడూ ఇరవైమూడు.

"విన్నా," చెవిలో జయశ్రీ గొంతు. "టీమ్ వాడి వీధి చివర్లోనే ఉంది."

ఆ ఆరు నిమిషాలూ మోనిషా కేటిల్ పట్టుకుని అలాగే నిలబడింది. ఆండాళ్ వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. మూడూ ఇరవైతొమ్మిదికి రేడియో పలికింది. "గరాజ్ క్లియర్. కుశాల్ సేఫ్. చాలా ఆకలిగా ఉందట."

సాయంత్రం అయిదింటికి హాలు వంటింట్లో ఇద్దరే మిగిలారు. బయట తలుపు దగ్గర పోలీసు. స్టేట్‌మెంట్ తీసుకోవలసినది భార్గవ్.

"నేను చూస్తానని ఎలా అనుకున్నావు?" అడిగాడు.

"అనుకోలేదు. చూడకపోతే గ్లాసు కింద పడేద్దామని దగ్గరే నిలబడ్డాను. కుశాల్ పోయినా సరేనని." ఆమె బల్ల వైపు చూస్తూ మాట్లాడుతోంది. "పోయినసారి నువ్వు చూడలేదుగా."

"పోయినసారి ఏమిటి?"

"టాంజియర్‌లో. ఆ పొద్దున. అప్పటికే కుశాల్ వాళ్ల చేతుల్లో ఉన్నాడు, నా ఒంటి మీద మైక్ ఉంది. మీకు టీ పోశాను. వెనక్కి పోయలేదు. తిన్నగా నీ చేతికే ఇచ్చాను. నువ్వు ఫోన్ చూసుకుంటూ తాగేశావు. రాహుల్ లేచి కాఫీ హోటల్‌కి వెళ్లాడు."

ఆ పొద్దున భార్గవ్‌కి మొత్తం గుర్తుంది. కిటికీ, సముద్రం, రాహుల్ చెప్పుల చప్పుడు. గ్లాసు ఒక్కటే గుర్తులేదు. రెండేళ్లు ఈమెని అనుమానించాడు. అది తేలిక, అందులో నొప్పి లేదు. ఇప్పుడు కళ్ల ముందు బల్ల మసకబారింది. ఏమిటా అని కాసేపు పోల్చుకోలేకపోయాడు. ఏడుపు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతుండగా, స్పాంజి బొజ్జ అదురుతుండగా, రెండేళ్ల ఏడుపూ అక్కడ స్టీలు సింక్ పట్టుకుని ఏడ్చాడు.

అతను మొహం కడుక్కుని వచ్చేసరికి ఆమె నీళ్లు కాచి, హాలు వాళ్ల పింగాణీ కూజాలో రెండు డిప్ టీ బ్యాగులు వేసింది. ఒక కప్పు పోసింది. డిప్ టీకి ఆ అవసరం ఏమీ లేదు. అయినా ఆ కప్పు తిరిగి కూజాలోకే వంచి, మళ్లీ పోసి అతని ముందు పెట్టింది.

భార్గవ్ తాగాడు. మొహం చిట్లించాడు. ఇంకో గుక్క తాగాడు.

"షుగర్ ఎక్కువైంది," అన్నాడు.

రేడియో ఇంకా ఆన్‌లోనే ఉంది. "భార్గవ్," అంది జయశ్రీ గొంతు సవరించుకుని, "ఆ కంప్లయింట్ కూడా రిపోర్టులో రాయి."