పదికి మూడు

కళ్ళద్దాల షాపాయనకి వీధి పెట్టిన పేరు కెప్టెన్. ఆయన సైన్యం గడప తొక్కిన పాపాన పోలేదు. మేడ మీద గదిలో మాత్రం మూడు వందల సిపాయి బొమ్మల్ని గోడ పొడవునా నిలబెట్టుకున్నాడు. పై అరలో కత్తీ డాలూ పట్టినవాళ్ళు, దాని కింద పొడుగు తుపాకుల కాలంవాళ్ళు, ఆ కింద కందకాల్లో పోరాడిన ఇనప టోపీలవాళ్ళు, అట్టడుగున చీకట్లో చూసే కళ్ళద్దాలు తగిలించుకున్న ఇప్పటివాళ్ళు. "షాపులో అద్దాలు చాలవా, ఇంట్లో కూడానా!" అని భార్య దెప్పుతూ ఉంటుంది. ప్రతి ఆదివారం ఒక బొమ్మని బల్ల మీద నిలబెట్టి, కీళ్ళు కదిపి, రంగు పరీక్షించి, వీడియోలో పదికి ఇన్ని అని మార్కులేస్తాడు. మార్కుల దగ్గర పరమ పిసినారి. ఎంత బతిమాలినా ఆరు దాటడు.

ఆ ఆదివారం, వెనక సందులో బట్టలు కుట్టే పెద్దమ్మ ఒక బొమ్మని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. జానెడు సిపాయి. యూనిఫాం ఆమే కుట్టింది.

"మా వాడు చిన్నప్పుడు దీన్ని పక్కలో వేసుకుని పడుకునేవాడు బాబూ. నీ వీడియోలో చూపించు. నలుగురూ చూస్తారు."

ఆమె కొడుకు పెద్దయ్యాక నిజంగానే సైన్యంలో చేరాడు. సెలవు ఇవ్వడం లేదమ్మా అని పద్నాలుగేళ్ళ కిందట ఆఖరిసారి ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చింది ట్రంకుపెట్టె ఒక్కటే.

"సాయంత్రానికల్లా నా చేతికి ఇచ్చెయ్యాలి సుమా. నాకు మిగిలింది ఇదే."

"నా పూచీ పెద్దమ్మా," అన్నాడు కెప్టెన్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

నాలుగున్నరకి కెమెరా పెట్టాడు. బయట వాన పట్టుకుంది. బల్ల ముందు కూర్చుంటే చాలు, ఆయనకి జాలీ దయా గుర్తుండవు. "కుడి మోకాలు వదులు. బుగ్గ మీద రంగు లేచిపోయింది. తుపాకీ లేదు. యూనిఫాం అసలుది కాదు. వీడికి పదికి మూడు." ప్రతి వారంలాగే చెయ్యూపి ముగించాడు. "ఇక సెలవు."

ఠక్కున కరెంటు పోయింది.

మబ్బుకి గది పూర్తిగా చీకటైంది. రేకుల మీద వాన చప్పుడు. ఉన్నట్టుండి ఏదో వాసన... తడిసిన మట్టి, తోలు, తుప్పు. కెప్టెన్ ఫోన్ లైటు వేశాడు.

బల్ల మీద బొమ్మ లేదు.

కింద పడిందేమోనని వెతికాడు. లేదు. పెద్దమ్మకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. రికార్డింగు వెనక్కి తిప్పి చూశాడు. తన గొంతు, "ఇక సెలవు." తర్వాత చీకటి... ఆ చీకట్లో రెండు మడమలు టక్కున కలిసిన చప్పుడు. ఒక గుసగుస...

"మంచిది సార్."

బల్ల మీద మట్టి అడుగులున్నాయి. గోరంత బూట్లవి. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బెత్తెడయ్యాయి. మెట్ల చివర... నిండు మగాడివి.

గొడుగైనా తీసుకోకుండా వెనక సందులోకి పరుగెత్తాడు. పెద్దమ్మ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కొవ్వొత్తి వెలుగులో ఆమె కుట్టుమిషను తొక్కుతోంది. ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోతోంది.

"గట్టిగా మాట్లాడకు బాబూ," అంది. "తింటున్నాడు."

వంటింట్లో కంచానికి చెంచా తగిలిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది.

"ఎ... ఎవరు పెద్దమ్మా?"

"అదేంటి, నువ్వేగా సెలవిచ్చింది! ఇన్నేళ్ళకి నువ్వొక్కడివే నోరు తెరిచి ఆ మాట అన్నావు. నీ కడుపు చల్లగుండ." అంతలోనే ఆమె ముఖం చిన్నబోయింది. "మూడు అన్నావటగా... మరీ మూడు రోజులేనా బాబూ? ఇంకాస్త పెంచకూడదూ?"

ఈమెని ఈ ఇంట్లో ఒంటరిగా ఎలా వదిలెయ్యడం? కెప్టెన్ జీవితంలో మొదటిసారి మార్కులు పెంచాడు.

"పది... పది పెద్దమ్మా. పదికి పది."

చెంచా చప్పుడు ఆగిపోయింది.

"వద్దు సార్." వంటింట్లోంచి ఆ గొంతు. నెమ్మదిగా, మర్యాదగా. "మూడు చాలు. అమ్మ సర్దుకోడానికి మూడు రోజులు చాలు."

"వెళ్ళకు పెద్దమ్మా... నాతో వచ్చెయ్..." అంటూ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు కెప్టెన్. ఆమె వినిపించుకోలేదు. మిషను మీదికి వంగి దారం తెంపింది. కుట్టడం పూర్తయినదాన్ని కొవ్వొత్తి వెలుగులో ఎత్తి పట్టుకుంది.

నీలం గళ్ళ జాకెట్టు. ఆమె ఒంటి మీదున్న గుడ్డే. దాని చేతులు... బొటనవేలంత.

"కాస్త వదులుగా ఉంటేనే నాకు హాయిగా ఉంటుంది బాబూ," అంది.