ఆడవాళ్ల వైపు

చెరుకుపల్లి దగ్గర ఓ ఊళ్లోని క్రైస్తవుల గుడిలో మగవాళ్లు ఎడమవైపు చాపల మీద, ఆడవాళ్లు కుడివైపు చాపల మీద కూర్చుంటారు. మధ్యలో నడిచే దారి. మొగుడూ పెళ్లాలైనా సరే, గుమ్మం దగ్గర విడిపోయి ఎవరి వైపు వాళ్లు వెళ్లాల్సిందే. పసిపిల్లలకి మాత్రం ఆ పట్టింపు లేదు, అటూ ఇటూ పాకుతూ తిరుగుతారు. కాస్త ఎదిగాక ఎవరో ఒకరు రెక్క పట్టుకుని "నీ చోటు ఇటురా" అని కూర్చోబెడతారు. అంతే. ఇక చచ్చేదాకా అదే చోటు.

శాలేమురాజు చోటు ఎడమవైపు కిటికీ పక్కన. రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తా అతను. కుర్రతనంలో సైకిలు మీంచి పడి పైవరస ముందు పన్ను సగం విరగ్గొట్టుకున్నాడు. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. పెంచింది నాయనమ్మ దానమ్మ. బాపట్ల అమ్మాయి క్రిస్టినాతో సంబంధం కుదిరిందంటే మనిషి నేలమీద నడవడం మానేశాడు పాపం.

వాళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే లేచి చెప్పండి అని. ఎవరూ చెప్పరు. ఎవరైనా చెబితే బాగుణ్ణని వెనక వరసలో కుర్రాళ్లు గుసగుసలాడుకుంటారు గానీ, ఎవరూ చెప్పరు. మొదటి రెండు ప్రకటనలు అబ్బాయి గుడిలో, మూడోది అమ్మాయి గుడిలో అని పెద్దలు అనుకున్నారు.

రెండో ఆదివారం క్రిస్టినా వాళ్లు కూడా వచ్చారు. ఫ్యాన్ల గాలికి మల్లెపూల వాసన, కొబ్బరినూనె వాసన, తడి ఆరని చాపల వాసన. పాస్టరు రాజారత్నం అయ్యగారు కళ్లజోడు సర్దుకుని పేర్లు చదివారు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి."

ఆడవాళ్ల వైపు గాజులు కదిలాయి. తలనిండా కొంగు కప్పుకున్న మనిషెవరో సగం లేచింది. అయ్యగారు అటు చూసి, ఎందుకో గొంతు సవరించుకున్నారు. ఆమె మళ్లీ కూర్చుంది. మోకాళ్లు పట్టేశాయి కాబోలు అనుకున్నాడు శాలేమురాజు.

ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద క్రిస్టినా మూతి ముడిచింది.

"మీకు చెల్లెలుందని చెప్పనేలేదేంటండి?"

"చెల్లెలా? మా ఇంట్లో నేనొక్కణ్ణేగా."

"ఊరుకోండి, ఆట పట్టించకండి. నా పక్కనే కూర్చుంది. అచ్చం మీ ముఖమే, ఆ పన్నొక్కటే తేడా. పేరు లిడియా అంది." క్రిస్టినా నవ్వేసింది. "పెళ్లయ్యాక నీతో కాపరం చేసేది నేనే, వాడు కాదు అంది. ఆవిడకి వేళాకోళం ఎక్కువేనండోయ్!"

అతనికి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. దానమ్మ వంటింటి గుమ్మంలో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"నాయనమ్మా, లిడియా ఎవరు?"

చాట జారిపోయింది. బియ్యం గచ్చంతా చిందాయి. ఆ మనిషి వాటిని ఎత్తను కూడా ఎత్తలేదు.

"నీకు ముందు ముగ్గురు మగపిల్లలు పోయారయ్యా. ఒక్కడూ ఏడాది దాటలేదు. నువ్వు పుట్టగానే నేనే అన్నాను, వీణ్ణి మగపిల్లాడని చెప్పొద్దు, ఆడపిల్ల అందాం, చావు కళ్లు గప్పుదాం అని. చెవులు కుట్టించా. గౌను తొడిగా. లిడియా అని పిలిచాం."

"ఇదా! ఇంతకేనా? ఎంతమంది చేయలేదు ఇలాంటివి?"

"అందరూ బాప్తిస్మం ఇప్పించలేదురా!" ముసల్ది గుండె బాదుకుంది. "అప్పుడు వడ్లమూడిలో ఉండేవాళ్లం. ఆ అయ్యగారు కొత్తవాడు. గౌను చూసి ఆడపిల్లే అనుకున్నాడు. లిడియా అని పిలిచి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీ నెత్తిన నీళ్లు పోశాడు. కాదండీ అంటే చావు వింటుందని నోరు మూసుకున్నా. చావుని మోసం చెయ్యబోయి దేవుడి ముందు అబద్ధమాడానయ్యా. మళ్లీ ఇప్పిద్దామంటే మనలో రెండోసారి ఇవ్వరు."

బడిలో వేసే ఏడు జడ కత్తిరించి, చొక్కా తొడిగి, శాలేమురాజు అన్నారట. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది.

"ఒళ్లు సలసలా కాగిపోతోంది. నాకు మగపిల్లాడు బతికితే చాలు, ఆ ఆడపిల్లని తీసుకుపో అన్నాను. ఈ నోటితోనే అన్నాను. గౌన్లూ జడా మూటగట్టి సమాధుల దొడ్డిలో మీ అన్నల పక్కన పూడ్చిపెట్టా. తెల్లారేసరికి చెమట పట్టింది. లేచావు. అంతకుముందుది నీకేదీ గుర్తులేదు. మమ్మల్ని కూడా కొత్తగా చూశావు."

"ఏంటి నాయనమ్మా ఇది! లిడియా అన్నా నేనేగా? వేరే మనిషెక్కడుంది?"

"నేనూ అదే అనుకున్నానయ్యా..."

"ఐదేళ్లు ఈ ఇంట్లో తిరిగింది నేను."

ఆ మాట దానమ్మది కాదు. పెరటి తలుపు వెనక నుంచి వచ్చింది. తడిమట్టి వాసన... దాంతో పాటు తలనూనె వాసన.

"అప్పుడు నువ్వెక్కడున్నావురా?"

శాలేమురాజు పెరటి తలుపు వైపు తిరిగాడు. ఆ ప్రశ్నకి జవాబు వెతికాడు. నిజంగా వెతికాడు. జ్వరానికి అవతల తను ఎక్కడా కనబడలేదు.

"దేవుడు పేరు పెట్టి పిలిచింది నన్ను," అంది గుసగుసగా. "నువ్వు నామీద తొడిగిన చొక్కావి. అంతే. లోపలున్నది నేను."

"నీకు... నీకేం కావాలి?"

"నా చోటు. ఇన్నేళ్లకి అడిగారు, అభ్యంతరముందా అని. ఉంది."

దానమ్మ చీపురు అందుకుని తలుపు మీదికి విసిరికొట్టింది. "పోవే! పో! నా మనవడి జోలికొస్తే చూడు!" కరెంటు వచ్చింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. చిందిన బియ్యం మీద మాత్రం చిన్న చిన్న పాదాల గుర్తులు, పసిపిల్లవి, ఇంట్లోకి వచ్చినవే గానీ బయటికి వెళ్లినవి లేవు.

"భయపడకు నాన్నా," అంది ముసల్ది, మనవడి తల గుండెకి అదుముకుని. "బాపట్లలో నేను ఆడవాళ్ల వైపే కూర్చుంటాగా. అది నోరు తెరిచిందా, ఈ చేత్తోనే నొక్కేస్తా."

మూడో ఆదివారం పొద్దున్నే రైలెక్కారు. తెనాలిలో బండి మారేటప్పుడు టీ కుర్రాడు మూడు కప్పులు అందించాడు. ఇద్దరమేగా అంటే, వాళ్ల మధ్య ఖాళీ వైపు ఓసారి చూసి, మాట్లాడకుండా ఒకటి వెనక్కి తీసుకున్నాడు.

బాపట్ల గుడిలో జనం కిటకిటలాడుతున్నారు. శాలేమురాజు ఎడమవైపు, కిటికీ పక్కనే చోటు చూసుకున్నాడు. అవతల నాయనమ్మ కుడిచెయ్యి ఒళ్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి చూశాక అతనికి కాస్త ధైర్యం వచ్చింది. అక్కడి అయ్యగారు పేర్లు చదివారు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు..."

"జరుగు."

చెవిలో. ఊపిరి తగిలేంత దగ్గరగా. కాళ్లు చల్లబడ్డాయి... నడుం చల్లబడింది... కళ్లు మూసి తెరిచాడు.

పక్కన కిటికీ లేదు. మల్లెపూల వాసన. చేతులకి ఏదో బరువు. గాజులు.

దారికి అవతల, మగవాళ్ల వైపు, శాలేమురాజు కూర్చుని ఉన్నాడు. అదే తెల్లచొక్కా. తను రాత్రి ఇస్త్రీ చేసుకున్నదే. వాడు ఇటు చూసి నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ముందు పన్ను నిండుగా ఉంది.

అతను లేచాడు. అభ్యంతరముందండీ, అది నేను కాదండీ అని అరవబోయాడు.

"వచ్చావుటే, ముదనష్టపుదానా!"

దానమ్మ. పక్కనే ఉంది. గబుక్కున అరచెయ్యి అతని నోటి మీద పడింది. చేపలు తోమి తోమి గట్టిపడ్డ చెయ్యి. చిన్నప్పుడు జ్వరంలో నుదుటిమీద పెట్టిన చెయ్యి.

నాయనమ్మా... నేనే... మాట బయటికి రాలేదు. కొరికాడు. ప్రాణం పోతున్నట్టు కొరికాడు. ముసల్ది పంటిబిగువున ఓర్చుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ, ఇంకా గట్టిగా నొక్కింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ తలతిప్పలేదు.

"అభ్యంతరాలేమీ లేవు," అన్నారు అయ్యగారు. సంఘమంతా ఆమెన్ అంది.

ఆరాధన అయిపోయింది. జనం లేచారు. దానమ్మ చెయ్యి దించుకుని చూసుకుంది. అరచేతిలో పళ్ల గాట్లు, నెత్తురు చెమర్చి ఉన్నాయి. పైవరసలో ఒకచోట, ముందు పన్ను దగ్గర, గాటు సగమే పడింది.

ఆ సగం గాటు మీద వేలు పెట్టి చూసింది ఆమె.

"రా నాయనమ్మా, భోజనాలకి పిలుస్తున్నారు." వాడు క్రిస్టినాని పక్కన పెట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. నిండు పలువరస. దానమ్మ ఆ పళ్ల వంక చూసింది. తన అరచేతి వంక చూసింది. తర్వాత తల తిప్పి, పక్కనే చాపమీదున్న అతని కళ్లలోకి తిన్నగా చూసింది. అతను రెండు చేతులూ చాచాడు. గాజులు గలగలమన్నాయి.

ఆమె చెయ్యి కొంగులో చుట్టుకుంది.

"వస్తున్నానయ్యా," అంది గుమ్మం వైపు. చాపలు చుడుతున్న ఆడమనిషి ఈ వరస దగ్గరికి వస్తుంటే ఆగి, మెల్లగా చెప్పింది.

"ఆ చాపొక్కటీ ఉండనియ్యమ్మా. దానిమీద మా అమ్మాయి కూర్చుంది."