పదహారో పేజీ

దబ్బనం పెద్దమ్మకి పుస్తకాలంటే ప్రాణం. చదువంటే మంట. రెండూ ఒకటి కాదని ఆమె వాదన.

ప్రెస్సులో వెనక గది ఆమెది. కిటికీ లేదు. పొడుగాటి బల్ల, మైదా జిగురు డబ్బా, దారపు ఉండలు, అంతే. యాభై ఏళ్లుగా అక్కడే కూర్చుని అచ్చయిన కాగితాలు మడిచి, దబ్బనంతో పొడిచి, కుట్టి, అట్ట అంటిస్తోంది. కళ్లు మూసుకుని కూడా కుడుతుంది, ఒక్క పోగు వంకర పోదు. చదవమంటే మాత్రం అక్షరం అక్షరం దగ్గరా ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ బయల్దేరాలి.

దానికి కారకుడు నాన్నే. నాన్న పేరున్న రచయిత. మూడో తరగతిలో ఆమె పలక చూసి, "కోడి కెలికినట్టుంది. నీకు చదువెందుకే మొద్దూ" అని బడి మాన్పించాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆమెను పిలిచి, రాస్తున్న కాగితం చేతికిచ్చి, "చదువు" అనేవాడు. ఆమె తడబడుతుంటే వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. ఎడమచేతి వేళ్లతో బల్ల మీద టకటకా కొట్టేవాడు. ఆయన రాసేదీ ఆ చేత్తోనే. పన్నెండో ఏట ఆమె ఒట్టు పెట్టుకుంది, ఈయన రాసింది ఒక్క ముక్క కూడా చదవనని. ఆయన పుస్తకాలు పదకొండూ ఆమె చేతిలోనే కుట్టు పడ్డాయి. ఒక్కటీ చదవలేదు.

నాన్న పోయి ఏడాదయింది. పన్నెండో పుస్తకం చివరి అధ్యాయం లేకుండా ఆగిపోయింది. పంతులుగా చేసి ఇంట్లో కూర్చున్న తమ్ముడు, దాన్ని పూర్తిచేసి అచ్చు వేయిస్తానని నాన్న గదిలో మకాం పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నం ప్రెస్సు యజమాని వెనక గది గుమ్మంలో నిలబడి గొణిగాడు.

"పెద్దమ్మా, మీ తమ్ముడు చివరి అధ్యాయం ఇవ్వడు, ఫోనూ ఎత్తడు. నాలుగు రోజులైంది."

"నన్నడుగుతావేం? నేను కుట్టేదాన్ని, రాసేదాన్ని కాదు."

"పోనీ మీ తమ్ముడు ముందే ఇచ్చిన నకలు ప్రకారం, నాన్నగారు ఆపినంతవరకే వేసేద్దామా? ఒక్కటే చిక్కు. ఫారమంటే పదహారు పేజీలు కదా, ఆఖరి ఫారంలో పదిహేను పేజీలకే మాటలున్నాయి. పదహారోది తెల్లగా మిగులుతుంది."

"మిగలనీ. తెల్ల కాగితం ఎవర్నీ కరవదు."

అంది కానీ, నాలుగు రోజులన్న మాట మనసులో ముల్లులా దిగింది. తమ్ముడు ఒంటిగాడు. పెళ్లాం పోయాక పొయ్యి వెలిగించడమే మానేశాడు. క్యారియర్‌లో ఇంత అన్నం సర్ది, దబ్బనం, దారం ఎప్పుడూ ఉండే చేతిసంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

మబ్బు పట్టి పట్టపగలే సాయంత్రంలా ఉంది. తమ్ముడి ఇంటి తలుపు తెరిచే ఉంది. పిలిచింది. పలకలేదు. మెట్ల మీదికి వచ్చేసరికి వాసన తగిలింది. సిరా వాసన. దాని వెనకే, నాన్న నుదుటికి రాసుకునే తలనొప్పి మందు వాసన. ఆ సీసా ఆమే స్వయంగా చెత్తలో పారేసింది, ఏడాది కిందట.

పైన గదిలోంచి కలం గీసుకుంటున్న చప్పుడు. గీర్... గీర్... ఆగింది. టక టక టక.

తమ్ముడు కిటికీ రెక్కలు మూసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాసింది. పక్కన నాన్న రాతప్రతి, విడి కాగితాల దొంతర. ఆమె క్యారియర్ బల్ల అంచున పెట్టింది.

"ఏరా, తిండి మానేసి తపస్సు చేస్తున్నావా? లే, చెయ్యి కడుక్కో."

అతను లేవలేదు. అప్పుడు చూసింది ఆమె. తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక కుడిచేత్తో తప్ప రాయలేదు. ఇప్పుడా కుడిచెయ్యి ఒళ్లో చచ్చిన చేపలా పడి ఉంది. కలం ఎడమచేతిలో ఉంది.

"అక్కా..." అన్నాడు, నూతిలోంచి అన్నట్టు. "కాగితాలు ముట్టుకోకు... వెళ్లిపో..."

అంతలో అతని మెడ నిటారుగా బిగుసుకుంది. గొంతు బొంగురుపోయింది.

"వచ్చావా మొద్దూ."

తమ్ముడు ఆమెను ఏనాడూ ఆ మాట అనలేదు. అన్నవాడు భూమ్మీద ఒక్కడే.

ఆమె గుమ్మం వైపు తిరగలేదు. భయం కన్నా కోపం పాతది.

"వచ్చాను. నీకోసం కాదు, నా తమ్ముడి కోసం."

ఎడమచెయ్యి ఒక కాగితం ముందుకు తోసింది. "చదువు."

"చదవను."

"చదివేవాళ్లు లేకపోతే అది ముగియదు. చదువు. వీణ్ణి వదిలేస్తా."

తమ్ముడి ముక్కులోంచి సన్నగా నెత్తురు కారి పెదవి మీద ఆగింది. అరవై ఏళ్ల ఒట్టు. ఆమె పళ్లు బిగించి కాగితం అందుకుంది.

"పె... ద్ద... కూ... తు... రు... మె... ట్లె... క్కిం... ది."

ఇందాక ఎక్కిందే కదా, అనుకుంది. సిరా ఆరలేదు.

టక టక టక.

"క్యా... రి... య... ర్... కిం... ద... ప... డిం... ది."

ఆఖరి అక్షరం నోట్లోంచి బయటికి రాగానే క్యారియర్ బల్ల మీంచి పడింది. ఎవరూ తాకలేదు. అన్నం నేలంతా చెదిరింది. ముందు పడలేదు... తర్వాతా కాదు... ఆమె చదివినప్పుడే పడింది.

ఆమెకు అర్థమైంది. అయినా చూపు మూడో వరుస మీదికి వెళ్లనే వెళ్లింది, నాలుక దాని వెంటే నడిచింది.

"త... మ్ము... డి... త... ల... బ... ల్ల... మీ... ద..."

తమ్ముడి తల మెల్లగా ముందుకు వంగడం మొదలైంది.

ఇంకొక్క మాట ఉంది. ఒకే ఒక్కటి.

చదువుకున్నవాళ్లయితే ఈపాటికి చదివేసేవాళ్లే. వాళ్ల కళ్లు ఆగమన్నా ఆగవు. ఆమె కళ్లు ఇంకా ఆ మాట దగ్గరికి చేరలేదు. గట్టిగా మూసేసింది.

"చదువు."

ఆమె చేత్తో తడిమి ఆ కాగితాన్ని బోర్లించింది. రాతప్రతి దొంతర ఎత్తి దాని మీద పెట్టింది. అంచులు బల్లకేసి కొట్టి సరిచేసింది. సంచీలోంచి దబ్బనం తీసింది.

"ఏం చేస్తున్నావే?"

"నా పని."

దబ్బనం దిగింది. ఒకటి. రెండు. మూడు.

టకటకటకటక... బల్ల అదిరిపోతోంది. మందు వాసన ముక్కుపుటాలు మండేంత దగ్గరికొచ్చింది. చెవి పక్కనే ఊపిరి. చల్లగా ఉంది.

"ఒక్క మాటేనే... చదవడం రాని మొద్దా!"

"రాదు. నువ్వు నేర్చుకోనివ్వలేదుగా."

దారం ఎక్కించింది. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి. ఒక్క పోగు వంకర పోలేదు. ఇది ఆమె చదువు.

చప్పుడు ఆగింది.

మళ్లీ గొంతు వినిపించింది. ఈసారి మెత్తగా. ఆమె పుట్టాక ఎన్నడూ విననంత మెత్తగా.

"తల్లీ... నువ్వే చదవాలమ్మా. ఇన్నేళ్లూ నీకోసమే రాశాను..."

దారం పట్టిన వేళ్లు ఆగాయి. మూసిన రెప్పల కింద నీళ్లు ఊరాయి. ఒక్కసారి కళ్లు తెరిచి, కాగితం తిప్పి, ఆ ఒక్క మాట...

"బతికుండగా ఒక్కరోజన్నా ఆ మాట అనుంటే, పదకొండూ చదివేదాన్ని నాన్నా," అంది. "ఇప్పుడు తమ్ముణ్ణి అడ్డం పెట్టుకుని అంటున్నావు. సిగ్గులేదూ?"

ముడి వేసింది. ఒకటి మీద ఇంకొకటి. దారం పళ్లతో పుటుక్కున కొరికింది.

కలం నేల మీద పడి దొర్లిన చప్పుడు.

"అక్కా... మంచినీళ్లు..." అన్నాడు తమ్ముడు, తమ్ముడి గొంతుతోనే.

అప్పుడు తెరిచింది కళ్లు.

ఆ రోజే కుట్టిన రాతప్రతిని ప్రెస్సుకు తెచ్చి, అచ్చుతో సరిచూసుకోవడానికి పై కాగితాలకు కాపీలు తీయించింది. అడుగున ఉన్న కాగితాన్ని మాత్రం ఎవర్నీ చూడనివ్వలేదు. రాసిన వైపు అట్టకు ఆనించి, మైదా జిగురు దట్టంగా పూసి, పైన ఇనప దిమ్మ పెట్టేసింది. తీయాలంటే అట్టతో సహా చింపాలి.

"చివర్న అసంపూర్ణం అని వేద్దామా పెద్దమ్మా?" అన్నాడు యజమాని.

"ఏమీ వెయ్యకు. ఆయన ఎక్కడ ఆగాడో అక్కడే ఆగిపో. మధ్యలో ఆగితే కొంప మునిగిపోదు. నన్ను మూడో తరగతిలో ఆపితే మునిగిందా?"

పుస్తకం వచ్చింది. ఐదువందల ప్రతులు. తమ్ముడు తేరుకుని రెండు పూటలా తింటున్నాడు, కుడిచేత్తోనే. మొదటి ప్రతి ఆమె తన గదిలో గూట్లో పెట్టుకుంది. దాని ఆఖరి ఫారంలో పదహారో పేజీ తెల్లగా ఉండేది.

వారం తర్వాత దుమ్ము దులుపుతూ తెరిస్తే, ఆ పేజీ మీద ఒక అక్షరం ఉంది. ఒక్కటే. సిరాతో. మర్నాడు దాని పక్కన రెండోది. రోజుకొక్కటి. ఆమె చదవగలిగినంత నెమ్మదిగా.

ఆమె చదవడం లేదు. పుస్తకం తెరుస్తుంది, కళ్లు చికిలించి ఎన్నున్నాయో లెక్క చూసుకుంటుంది, మూసేస్తుంది. "రాసుకో. కాగితం నాది, కుట్టు నాది," అంటుంది. నాన్న రాతలా లేవు ఆ అక్షరాలు. కోడి కెలికినట్టున్నాయి.

మొన్న పొద్దున మొహం కడుక్కుంటుంటే ఎడమచేతి వేళ్లకు సిరా కనిపించింది. ఆ రాత్రే ఎడమచేతిని మంచం కోడుకు కుట్టు దారంతో కట్టుకుని పడుకుంది. ఆమె వేసే ముడి ఇంకెవరికీ రాదు, ఒంటిచేత్తో విప్పడం అసలే కుదరదు.

ఈ పొద్దున లేచి చూసుకుంది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

వేళ్ల మీద సిరా ఇంకా తడిగానే ఉంది.